మా బావ కాచిన తంగేడు పూలు

పోయిన నెల ఒక ఉదయం ఆత్మకూరు ఆస్పత్రిలో నేను ఒక ముసలాయన కాలికి కట్టు కడుతుంటే, ఉదయగిరి నుంచి వచ్చిన బస్సు కండక్టరు నేరుగా లోపలికి వచ్చి నిలబడ్డాడు. భుజాన టికెట్ల సంచి అట్లాగే ఉంది. "నర్సమ్మా, మీ బావగారు పోయినారమ్మా. తెల్లారి పెరట్లో పూలు కోస్తా కూలబడినారంట" అన్నాడు. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, ఒళ్ళుమంట. ఎందుకంటే ఆ వారం ఆయన నా దగ్గర ఉండాల్సిన మనిషి. ఆయనకు రొమ్ములో పట్టేస్తోందని అక్క కబురు పెడితే, డాక్టరు గారితో మాట్లాడి, వెంటనే బయల్దేరి రమ్మని చెప్పి పంపాను. తిరుగు కబురు తెచ్చింది కూడా ఈ కండక్టరే. "మునగ పూత మీద ఉండాది, ఇప్పుడు వదిలితే రాలిపోతాది, వచ్చే వారం వస్తానన్నాడమ్మా" అని. ఇక ఆ మనిషిని ఏమనాలి? కట్టు ముడి వేసి, చేతులు కడుక్కుని, సెలవు చెప్పి అదే బస్సులో తిరుగు ప్రయాణం కట్టాను.

ఆయన మా అక్క మొగుడు. ఉదయగిరి హైస్కూల్లో సైన్సు అయ్యవారు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు పెద్దలు. చెబుతాను, చెప్పకుండా ఎక్కడికి పోతాను. కానీ ఆయన్ని తలుచుకుంటే ముందు విసుగు వస్తుంది, తర్వాతే మిగతాదంతా వస్తుంది. బతికుండగానూ అంతే. నన్ను చూడగానే "ఏమే మరదలా, ఈపొద్దు ఎవురిని పొడిచినావు?" అని నవ్వేవాడు. నేను తిట్టడం మొదలుపెట్టేలోపు సంచిలోంచి ఏదో ఒక పువ్వు తీసి ముక్కు దగ్గర పెట్టేవాడు.

ఆయన పిచ్చి పూలు. అవీ తలలో పెట్టుకునేవో దేవుడికి పెట్టేవో అయితే ఎవరూ ఏమనరు. తినే పూలు. మునగ పువ్వు, అవిసె పువ్వు, గుమ్మడి పువ్వు, వేప పువ్వు, మందారం, తంగేడు. తినే పువ్వులో మందుంటుంది, దాన్ని ఎట్లాగైనా బయటికి లాగాలి, ఇదే ఆయన జపం. "ఆకుకు పని ఉండాది, వేరుకు పని ఉండాది. పువ్వు ఊరికే నవ్వతా కూర్చుంటాది అనుకుంటారు మీరు. చెట్టు సంపాదించిందంతా దాంట్లోనే దాస్తాది మే" అనేవాడు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే బస్సులో ఆయన పక్కన కూర్చోవడం అంత నరకం ఇంకోటి లేదు. దారి పక్క తంగేడు పొద ఒకటి పచ్చగా కనబడితే చాలు, లేచి డ్రైవరు వీపు తట్టేవాడు. ఆ డ్రైవరు ఈయన దగ్గర చదువుకున్నవాడు, బండి ఆపకేం చేస్తాడు. బస్సులో ఉన్నవాళ్ళంతా నన్ను చూసేవాళ్ళు, నేనేదో ఆయన్ని సరిగ్గా పెంచనట్టు.

గుమ్మడి పాదు సంగతి చెబితే మీకు మనిషి అర్థమవుతాడు. అక్క స్నానాల దొడ్డి మీదకి గుమ్మడి తీగ పాకించింది. మగపూలు కోసుకుంటే కాయకు నష్టం లేదని, ఆడపూలు ముట్టుకోకూడదని ఊళ్ళో ప్రతి ఇల్లాలికీ తెలుసు. బావకీ తెలుసు. ఆయనే బోర్డు మీద బొమ్మ గీసి పిల్లలకు పాఠం చెప్పేవాడు. అయినా ఒక పొద్దున ఆడా మగా తేడా లేకుండా మొత్తం కోసి బుట్టలో పోశాడు. ఎందుకయ్యా అంటే, రెండిట్లో ఏ పువ్వులో సారం ఎక్కువో చూడొద్దా అన్నాడు. నీళ్ళలో కాచాడు, పసుపు దిగలేదు. నువ్వుల నూనెలో వేసి సన్నని సెగ మీద పెడితే నూనె బంగారంలా అయింది. ఆ గిన్నె పట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. "నీళ్ళకి రానిది నూనెకి వచ్చె! చూడండి, నూనెకి వచ్చె!" అక్క వాకిట్లో నిలబడి, "ఆ పూలతో పకోడీలు వేసుంటే మాకూ వచ్చేది గదా" అంది. ఆ ఏడు మా అక్క ఇంట్లో ఒక్క గుమ్మడికాయ కూడా కాయలేదు, పండక్కి పక్కింటి నుంచి తెచ్చుకున్నారు.

ఇంతవరకూ నవ్వులాటే. తర్వాత అక్కకు చక్కెర వచ్చింది.

పదేళ్ళ కిందటి మాట, డెబ్బైల చివర్లో. అక్క చిక్కిపోతూ వచ్చింది, రవికెలు వదులయ్యాయి, చెంబులు చెంబులు నీళ్ళు తాగేది. దొడ్లో ఒంటేలు పోసినచోట చీమలు పడుతున్నాయని తనే మాటల్లో అంది. ఆత్మకూరు తీసుకొచ్చి పరీక్ష చేయిస్తే అనుకున్నదే. మాత్రలు ఇచ్చారు, లొంగలేదు. డాక్టరు గారు రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాల్సిందే అన్నారు. అక్క ఆ మాట వింటూనే కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయింది. మా అక్కకు సూదంటే అంత భయం. చిన్నప్పుడు టీకాలవాళ్ళు ఊళ్ళోకొస్తే వడ్ల గాదెలో దాక్కుని సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఒక్క తల్లి కడుపున పుట్టి నేను ఆ సూదుల పనే నేర్చుకున్నాను, ఏం చేస్తాం.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద అక్కను కూర్చోబెట్టి, తడిగుడ్డతో మొహం తుడుస్తూ బావ అన్నాడు, "నేనుండగా నీకు సూది పడనీను. తంగేడు పువ్వుకు చక్కెర తగ్గించే గుణం ఉండాదంటారు పెద్దోళ్ళు. నేను తీస్తా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బావా, నువ్వేమన్నా డాక్టరువా?" అన్నాను.

"కాదు మే. మొగుణ్ణి" అన్నాడు.

డాక్టరు గారు ఇద్దర్నీ కలిపి తిట్టారు. మాత్రలు మాత్రం మానకూడదని, ఒంట్లో ఏ తేడా వచ్చినా రావాలని చెప్పి పంపారు. బస్సెక్కేటప్పుడు అక్క మొహంలో ప్రాణం లేచొచ్చినట్టు కనబడింది. సూది తప్పింది గదా.

అప్పట్నుంచి ఉదయగిరిలో ఆ ఇల్లు ఇల్లుగా లేదు. దుర్గం కొండ అడుగున తంగేళ్ళకు కరువు లేదు. బడి వదలగానే సంచి భుజాన వేసుకుని ఎక్కేవాడు. నీడలో ఆరబెట్టిన పూలు మంచాల మీద, చేటల్లో, ఆఖరికి బియ్యం డబ్బా మూత మీద. నీళ్ళలో కాచినది ఒక సీసా, నానబెట్టి వడకట్టినది ఒక సీసా. ఎగువ పూలు వేరు, దిగువ పూలు వేరు. పొద్దున కోసినవి వేరు, ఎండ తగిలినాక కోసినవి వేరు. అన్నిటి చేదూ అక్కే మింగేది.

తర్వాత సారా మీద పడ్డాడు. నీళ్ళకి రాని గుణం స్పిరిటుకి వస్తుందట. బడిలో ఉన్న స్పిరిటు తాగితే మనిషి చస్తాడు, కాబట్టి సారానే కావాలి. కాఫీ కూడా ముట్టని మనిషి, చంకలో గొడుగు, చేతిలో గాజు సీసా పట్టుకుని సారా అంగడి ముందు వరసలో నిలబడ్డాడు. అందరూ చూసే వేళ, అదీ బజారులో! ఊరంతా గుప్పుమంది, అయ్యవారు మొదలుపెట్టినాడని. అక్క వారం రోజులు నీళ్ళకు కూడా బయటికి పోలేదు. హెడ్మాస్టరు పిలిచి అడిగితే, ఈయన పూల గురించి చెప్పడం మొదలుపెట్టి ఆపలేదు. చివరికి హెడ్మాస్టరే రెండు చేతులూ జోడించి, "అయ్యా, నువ్వు తాగినా బాగుండేది" అన్నాడట.

సారాలో నానిన పూల నుంచి మళ్ళీ ఆ సారాను పోగొట్టాలి గదా. పక్కింట్లో ఒక సాయిబు తాత ఉండేవాడు. గులాబీల నుంచి పన్నీరు దించేవాడు, రంజాన్ నెలలో షర్బతు చేసేవాడు. ఆయన దగ్గర పూలు కాచే రాగి డేగిశా, ఆవిరి దించే గొట్టం అన్నీ ఉండేవి. బావ పోయి ఒకసారి ఇమ్మని అడిగాడు. తాత సీసా మూత తీసి వాసన చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "అయ్యవారూ, అమ్మ కోసం ప్రాణమన్నా ఇస్తా. దీంట్లో సారా పోస్తే రేపు నా షర్బతు ఎవురు తాగుతారు సామీ?" అన్నాడు. ఇక మిగిలింది అక్క ఇడ్లీ పాత్ర. ఆ తర్వాత చాలా రోజులు వాళ్ళింట్లో ఇడ్లీ తిన్నవాళ్ళకు కాస్త హుషారుగా ఉండేది.

అన్నిటికంటే పెద్ద తంతు పొద్దుటి పరీక్ష. మైలుతుత్తం, చాకలిసోడా, ఇంకా బడి ల్యాబు నుంచి తెచ్చిన ఉప్పేదో కలిపి నీలంగా ఒక మందు తయారుచేసి పెట్టుకున్నాడు. టెస్టుట్యూబులో ఆ నీలిమందు పోసి, అక్క ఒంటేలు కొన్ని చుక్కలు వేసి స్పిరిటు దీపం మీద మరిగించేవాడు. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. కాస్త ఉంటే ఆకుపచ్చ, ఇంకాస్త ఉంటే పసుపు, బాగా ఉంటే ఇటుక ఎరుపు. మా ఆస్పత్రిలో చేసేదీ అదే. కానీ వంటింట్లో ఈ పని కుదరదని అక్క తరిమితే, ఆయన పోయి వీధి అరుగు మీద పెట్టాడు. దాంతో మా అక్క చక్కెర సంగతి వీధి వీధంతటికీ తెలిసిపోయింది. నీళ్ళ బిందెలతో పోయే ఆడవాళ్ళు ఆగి, "ఈపొద్దు ఏం రంగు అయ్యవారూ?" అని అడిగేవాళ్ళు. అక్క లోపల చెవులు మూసుకునేది.

రంగు ఎప్పుడూ ఎరుపే. ఎరుపు వచ్చిన రోజు బావ గోడవైపు తిరిగి కూర్చునేవాడు. అన్నం పెడితే కలిపి వదిలేసేవాడు. కోపం ఎవరి మీదా కాదు, ఎండ చాలలేదనో, పువ్వు ముదిరిందనో తనలో తను గొణుక్కుని, మళ్ళీ సంచి తీసుకుని కొండెక్కేవాడు. నేను పోయినప్పుడల్లా గడువెంత, ఎన్నాళ్ళీ ఆట అని పోట్లాడేదాన్ని. "వానలు పడనీ మరదలా, వానకు కొత్త పువ్వు వస్తాది" అనేవాడు.

వానలు పడ్డాయి. రంగు మారింది. ముందు ఆకుపచ్చ వచ్చింది, తర్వాత నీలం. మరిగించినా చెక్కుచెదరని నీలం. బావ అరుగు మీద నిలబడి చప్పట్లు కొట్టాడట. కొత్త పువ్వు మహిమ అన్నాడు. సీసాలు కట్టి చుట్టాలందరికీ పంపాడు. చేజర్లలో మా పిన్నికి కూడా ఒకటి పంపాడు. ఆమెకు చక్కెర లేదు, మోకాళ్ళ నొప్పి. ఆమె మోకాళ్ళకు రాసుకుందట.

ఆ కబురు విని నేను నమ్మలేక ఉదయగిరి పోయాను. బావ గుమ్మంలోనే టెస్టుట్యూబు నా మొహానికి పెట్టాడు. "చూడు మే, ఆకాశం మాదిరి ఉండాది!" నేను లోపలికి పోయి అక్కను చూశాను. కళ్ళు గుంటల్లోకి పోయాయి. కూర్చున్నచోట నుంచి లేవడానికి గోడ పట్టుకుంది. కుడికాలి మడమ మీద పుండు, అంచులు నల్లబడి, వాసన వస్తోంది. దాని మీద గుడ్డ కప్పి కూర్చుంది. నాకు నోరు ఎట్లా వచ్చిందో వచ్చింది. "నీ రంగు తగలబడ! రంగు కాదు బావా, ఆ కాలు చూడు!"

ఆయన చూశాడు. తర్వాత అరుగు మీదికి పోయి, ఆ పొద్దుట ఒంటేలు పట్టిన గిన్నె ముందు కూర్చున్నాడు. పిల్లలకు పాఠం చెప్పడానికి మందారపూల రసంలో తడిపి ఆరబెట్టిన కాగితం ముక్కలు ఆయన దగ్గర ఉండేవి. పులుపు తగిలితే ఎర్రబడతాయి, సోడా లాంటిది తగిలితే పచ్చబడతాయి. ఉదయగిరి బావి నీళ్ళకు కూడా కాస్త పచ్చబడతాయి. ఒక ముక్క గిన్నెలో ముంచాడు. ఒంటేలైతే కాస్తయినా ఎర్రబడాలి, ఇది పచ్చబడింది. ఆయన గిన్నె వాసన చూశాడు. నేను ఛీ ఛీ అంటున్నా వినకుండా వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఇది నా కషాయం" అన్నాడు.

అక్క గడప పట్టుకుని నిలబడి ఉంది. బావి నీళ్ళలో కాస్త తంగేడు కషాయం కలిపి, రంగు సరిపోయేట్టు చూసి, పొద్దునే గిన్నెలో పెట్టేదట. ఆయన దాన్నే కాచి, దాన్నే చూసి, చప్పట్లు కొట్టేవాడు. "ఎర్రగా వచ్చిననాడు మీరు అన్నం తినరు. మీ మొహం చూడలేకపోయినాను. రెండు ముద్దలు తింటారని చేసినా" అంది అక్క. మీరే చెప్పండి, వీళ్ళిద్దర్లో ఎవర్ని కొట్టాలి? ఒకడు పెళ్ళాం సూదికి భయపడుతుందని కొండలెక్కాడు, ఒకతె మొగుడు అన్నం తినడం లేదని కాలు కుళ్ళబెట్టుకుంది. నేను ఇద్దర్నీ తిట్టిపోశాను. తిడుతూనే ఏడ్చాను.

బావ నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. లోపలికి పోయి సీసాలన్నీ తెచ్చి గుమ్మడి పాదులో ఒంపేశాడు. మధ్యాహ్నం బస్సుకు ముగ్గురం ఆత్మకూరు వచ్చాం. దారి పొడుగునా తంగేళ్ళు విరగబూసి ఉన్నాయి. ఆయన అటు తల తిప్పలేదు. ఆస్పత్రి గేటు దగ్గర మాత్రం నా చెయ్యి పట్టుకుని, "మరదలా, సూది వేసేది నాకు నేర్పించు. మీ అక్కకి నీ చెయ్యైనా భయమే" అన్నాడు.

నేర్పించాను. నేను చూసిన శిష్యుల్లో ఇంత చాదస్తుడు లేడు. దోసకాయలు, వంకాయలు, దొరికిన కాయనల్లా పొడిచాడు. సిరంజి మరగబెట్టడం చెబితే, ఎందుకు మరగాలో తిరిగి నాకే పాఠం చెప్పాడు. ఇన్సులిన్ సీసాను తడి ఇసుక పోసిన కుండలో పెట్టి, నడవా మూల చల్లగా దాచేవాడు. మొదట్లో కొన్నాళ్ళు అక్కకు వేసే ముందు వేరే సూది ఒకటి తన తొడకు గుచ్చుకునేవాడు. అట్లాంటి పిచ్చిపని చేయొద్దని నేను అరిస్తే, "మాట ఇచ్చి తప్పినవాణ్ణి. ఆమాత్రం లేకపోతే ఎట్టా?" అనేవాడు. అక్క ఆయన భుజంలో మొహం దాచుకుని, కళ్ళు గట్టిగా మూసుకునేది. పుండు ఆరడానికి చాలాకాలం పట్టింది గానీ, కాలు నిలిచింది.

పూల పిచ్చి వదిలిందా అంటే, కుక్కతోక వంకర ఎక్కడన్నా పోతుందా? కాకపోతే ఇప్పుడు సీసాల్లోకి కాక గిన్నెల్లోకి వచ్చింది. అవిసె పూల పప్పు, మునగ పూల వేపుడు, తంగేడు పూల టీ. "సూది పని సూదిది, పువ్వు పని పువ్వుది" అని కొత్త జపం ఎత్తుకున్నాడు. ఏటా పిల్లలకు ఈ కథంతా తరగతిలో చెప్పేవాడట, తన పేరుతో సహా, సిగ్గు లేకుండా. "కావాలనుకున్న రంగు వచ్చిననాడే రెండోసారి చూడాల్రా" అని దాని నీతి. సూదికి భయపడి నాటు మందుల వెంట తిరిగేవాళ్ళు ఎవరైనా కనబడితే, చెయ్యి పట్టుకుని బస్సెక్కించి నా దగ్గరికి తెచ్చేవాడు. నేను పనిలో మునిగి ఉన్నానా లేదా అని చూసేవాడు కాదు. "ఈమెకి నువ్వు వేసేది చూపించు, నేను పక్కన కూర్చుంటా" అనేవాడు. అట్లా నిలిచిన కాళ్ళు ఆ చుట్టుపక్కల కొన్ని ఉన్నాయి, అవి నాకు తెలుసు. ఆ మాట ఆయన ఉండగా ఒక్కసారి చెప్పే సందు ఇవ్వలేదు నాకు. ఎప్పుడు చూసినా ఏదో పువ్వు ముక్కు దగ్గర పెట్టేవాడు.

అందరి ఒంటి సంగతీ పట్టించుకుని, తన రొమ్ములో నొప్పిని మాత్రం వచ్చే వారానికి వాయిదా వేశాడు. దానికి నేను ఆయన్ని ఇప్పట్లో క్షమించలేను.

వాళ్ళకు పిల్లలు లేరు. కర్మ అయ్యేదాకా నేనే ఉండి అక్కకు సూది వేశాను. నా భుజంలో మొహం దాచుకునేది గానీ, ఒళ్ళంతా కట్టెలా బిగబట్టేది. నా సెలవు అయిపోయింది. నాతో ఆత్మకూరు రమ్మంటే, ఈ ఇల్లు వదిలి రానంది. ఇక్కడుంటే రోజూ ఎవరు వేస్తారే అంటే, అటు తిరిగి పడుకుంది. నాకు రాత్రంతా అదే దిగులు.

నేను బయల్దేరే రోజు పొద్దున సిరంజి మరగబెట్టి, మందు ఎక్కించి, తన దగ్గరికి పోయాను. అక్క చెయ్యి చాచింది. "ఇట్టా తే" అంది.

ఇచ్చాను. వెనక వాకిలి దగ్గర వెలుతురులో పీట వేసుకుని కూర్చుంది. చీర పక్కకు జరిపి, తొడ మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుంది. కళ్ళు మూసుకోలేదు. దించింది, ఒత్తింది, తీసింది. దూది అదిమి పట్టుకుని అట్లాగే కూర్చుంది. కాసేపటికి భుజాలు కదలడం మొదలైంది.

"నొప్పి పుట్టిందా అక్కా?"

"లేదు మే" అంది. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకునే వేయించుకుంది, దాన్ని చూడడం ఇదే మొదలు. సిరంజిని పైకెత్తి, ఎండ పడేట్టు పట్టుకుని ఆ మొనకేసి చూస్తూ ఉండిపోయింది.

"ఇంత సన్నంగా ఉంటాదా ఇది? దీనికా ఆ మనిషి కొండలు పట్టుకుని తిరిగింది?"